నేను చంపని కారు

మా ఇంట్లో ఒక కారు చచ్చిపోయి పాతికేళ్లయింది. అది ఎలా చచ్చిపోయిందో మా బంధువుల్లో ప్రతివాడికీ తెలుసు. ఆ రోజు ఆ కారును నడిపిన నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పెళ్లిళ్లలో ఆ కథ చెప్పుకుంటారు, దినాల్లో చెప్పుకుంటారు, ఆఖరికి ఆసుపత్రి వరండాలో రోగి కోసం కూర్చున్నప్పుడు కూడా చెప్పుకుంటారు. నేను అక్కడే ఉంటాను. చెప్పేవాడు మధ్యలో నా వైపు తిరిగి "ఏం పెద్దోడా, అంతేనా?" అంటాడు. నేను నోరు తెరిచేలోపే అందరూ నవ్వేస్తారు. రెండుసార్లు ఉత్తరాలు రాశాను. ఒకటి మా మేనమామకు, ఒకటి మా తమ్ముడికి. మామ జవాబివ్వలేదు. తమ్ముడు నా ఉత్తరాన్ని మడిచి మంచం కోడు కింద ఎత్తుకు పెట్టుకున్నాడని మా మరదలే చెప్పింది. అందుకే ఇప్పుడు ఎవరో ఒకరికి కాకుండా అందరికీ రాస్తున్నాను.

నాయన పోయి ఏడాది నిండింది. ఆ సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు మా తమ్ముడి కొడుకు చందు మార్కాపురంలో మా ఇంటికి వచ్చాడు. వాడు బెంగళూరులో ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. నల్లగా నిగనిగలాడే జర్మనీ కారులో వచ్చాడు. కొత్తగా కొంటే వాడి జీవితకాలం జీతం చాలదు. పదేళ్లు వాడేసిన బండి కాబట్టి, మా పక్కింటి మాస్టారు కొన్న కొత్త చిన్న కారు ధరకే వచ్చిందట. మా వీధి మొగలో ఉన్న స్పీడు బ్రేకరు మీద దాని కడుపు గీరుకున్న చప్పుడు ఇంట్లోకి వినిపించింది. పాతికేళ్ల తర్వాత విన్నా ఆ చప్పుడు నేను మరిచిపోలేదు, పళ్లు జివ్వుమన్నాయి. వచ్చినవాడు కాళ్లు కడుక్కోవాలి కదా అని చెంబుతో నీళ్లు తీసుకుని గుమ్మంలోకి వచ్చాను. వాడు కారు దిగుతూనే రెండు చేతులూ అడ్డంపెట్టి, "పెదనాయనా! చెంబు దించు! దీనికి నీళ్లు పోయొద్దు, నీకు దండం పెడతా!" అని అరిచాడు. వీధంతా నవ్వింది. నా భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పాత కారు పోయినప్పుడు ఈ పిల్లవాడు పుట్టనే లేదు. వాడి తండ్రికి పెళ్లే కాలేదు. పుట్టనివాడికి కూడా నా నేరం తెలుసు, నేను చెప్పేది మాత్రం ఎవరికీ తెలియదు.

మాది కొమరోలు నుంచి లోపలికి పోయే పల్లె. నాయనకు మెట్ట భూమి, రెండు బోర్లు, ఒక ట్రాక్టరు ఉండేవి. ఆయన తెల్లవారుజామునే లేచి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని వేపపుల్ల నములుతూ ఎవరెవరు ఎటు పోతున్నారో చూసేవాడు. ఆయనకు మూడు కోపాలు ఉండేవి. కూరలో ఉప్పు తక్కువైతే ఒకటి, బోరు మోటరు కాలితే ఒకటి, తనను తగ్గించి చూస్తే ఒకటి. మొదటి రెండూ గంటలో పోయేవి. మూడోది పోయేది కాదు. ఒకసారి కంభంలో దగ్గరి చుట్టాల పెళ్లికి మేం ట్రాక్టరు తొట్టిలో పట్టా పరుచుకుని వెళ్లాం. పందిరి ముందు కార్లు ఉన్నాయి. ఎవరో కుర్రకారు నాయనకు ఎదురొచ్చి, "ట్రాక్టర్లు వెనకాల, వంటపాత్రల లారీ పక్కన పెట్టండి" అన్నారు. నాయన వెనక్కే పెట్టించాడు. భోజనం చేయలేదు. ఆ పెళ్లికొడుకు పిల్లలు పెళ్లీడుకొచ్చినా, నాయన ఆ ఇంటివాళ్లను పలకరించలేదు. నాకు ఏదైనా మనసులో పట్టుకునే గుణం ఉందని అందరూ అంటారు. అది నాకు ఆస్తితోపాటు వచ్చింది. ఆస్తి తక్కువ వచ్చింది.

మా రంగయ్య మామ, అంటే అమ్మకు అన్న, గిద్దలూరు బస్టాండు దగ్గర లారీల బ్రోకరు. మా చుట్టుపక్కల పల్లెల్లో సగం ట్రాక్టర్లు ఆయన చేతుల మీదుగా వచ్చినవే. కంభం పెళ్లి తర్వాత కొద్ది రోజులకు ఆయన మా ఇంటికి వచ్చాడు. నాయన మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ప్రతి మాటా గుర్తుంది.

"బావా, అంబాసిడరు కొనే డబ్బుతో జర్మనీ కారు వస్తాంది. ఐదరాబాదులో పెద్ద కాంట్రాక్టరుది."

"అంత చౌకగా ఎందుకిస్తాండాడు?"

"పెద్దోళ్ల ఇండ్లల్లో పాత వస్తువు ఉంటే వాళ్లకు దరిద్రమంట బావా. మూడేండ్లకోసారి మారుస్తారు."

"మరి ఇది మూడేండ్లదా?"

"కొంచెం అటూ ఇటూ."

"ఎంత అటు?"

"పదకొండు."

నాయన ఒలిచిన కాయలన్నీ ఒక్కసారి నోట్లో వేసుకుని నమిలాడు. ఆయన ఎక్కువ సేపు నమిలితే ఒప్పుకున్నట్టే. అమ్మ వంటింట్లోంచి, "అన్నా, గేదెను అమ్మేటప్పుడైతే నోరు తెరిచి పండ్లు చూపిస్తారు. దీనికేం చూపిస్తావు?" అంది. మామ నవ్వి, "దీని తలుపు ఏసి చూడు చెల్లీ, నీకే తెలుస్తాది" అన్నాడు. నిజమే. ఆయన మోసం మాటల్లో కూడా ఆ ఒక్క మాట నిజం.

ఆ తలుపు గురించి చెప్పాలి. దాన్ని గట్టిగా వేయనక్కరలేదు. వేలితో తోస్తే చాలు, చింతపండు గంపలో రాయి పడినట్టు మెత్తగా, బరువుగా మూసుకునేది. మూసుకోగానే బయటి లోకం ఆగిపోయేది. కోళ్ల గోల, బోరు మోటరు చప్పుడు, అమ్మ కేకలు అన్నీ దూరం జరిగేవి. లోపల తోలు వాసన. అమ్మ మొదటిసారి కూర్చుని ముక్కెగరేసి, "చెప్పుల దుకాణంలో కూర్చున్నట్టుంది" అంది కానీ దిగలేదు. మా ఊళ్లో మే నెలలో మధ్యాహ్నం రేకు మీద నీళ్లు చల్లితే సుయ్యిమంటుంది. అలాంటి ఎండలో నాయన భోజనం చేసి, పంచె ఎగదోపి, వేపచెట్టు కింద నిలిపిన కారులో ఏసీ వేయించుకుని వెనక సీట్లో పడుకునేవాడు. గంట తర్వాత ఆయన మొహం చూస్తే ఎవరో ఆయన అప్పులన్నీ కొట్టేసినట్టు ఉండేది. నేను నడపడం ట్రాక్టరు మీద నేర్చుకున్నాను. ఆ స్టీరింగు పట్టుకుంటే దాన్ని తిప్పాల్సిన పని లేదు, తలుచుకుంటే తిరిగేది. చౌకగా దొరికిన పెద్ద కారు మీద ఆశ ఎందుకు పుడుతుందని ఎవరైనా అడిగితే నేను తెలియనట్టు నటించను. నాకూ పుట్టింది. నా ఇరవై నాలుగో ఏట ఆ కారులో కొమరోలు సెంటరు దాటుతుంటే టీ అంగళ్ల దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడేవాళ్లు. ఎవరైనా పెద్ద అధికారి ఏమోనని.

కానీ ఆ కారు మా దారుల కోసం పుట్టింది కాదు. దాని కడుపు నేలకు జానెడు ఎత్తు. మా ఊరి వాగు దగ్గరకు రాగానే ఎక్కినవాళ్లంతా దిగి నడవాలి. ఖాళీ కారును నేను తాబేలులా వాగు దాటించేవాణ్ణి. నాయన చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నడిచొచ్చేవాడు. ట్రాక్టరు మీదే తిరిగిన రోజుల్లో ఆయన ఆ వాగును ఎన్నడూ నడిచి దాటలేదు. ఒక గేదె పక్కకు తిరిగి దాని అద్దాన్ని కొమ్ముతో విరిచింది. ఆ అద్దం మదరాసు నుంచి రావడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ నేను గిద్దలూరు టెలిఫోను బూతులో నిలబడి ఫోన్లు చేశాను. దుకాణంవాళ్లు ప్రతిసారీ లైన్లో ఉండమని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. అవతలి నుంచి వాళ్లు టిఫిను తింటూ మాట్లాడుకునే మాటలు నాకు వినిపించేవి. అద్దం వచ్చాక అది ఎడమవైపుది అని తేలింది. విరిగింది కుడివైపుది.

ఇక నీళ్ల సంగతి. మా ఇంట్లో రెండు రకాల నీళ్లు, వాటికి వేర్వేరు కుండలు. వంటింట్లో మూలన మట్టి కుండల్లో మంచినీళ్లు. అవి వాగు అవతల ఉన్న పాత బావి నుంచి బండి మీద డ్రమ్ములో రావాలి. వసారాలో తొట్టిలో బోరు నీళ్లు. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, పళ్లు గారపడతాయి. స్నానానికి నీళ్లు కాచే అండా అడుగున ఏడాదికి వేలి మందం తెల్లటి పొర పట్టేది. ఉగాది ముందు దాన్ని బోర్లించి నేనూ తమ్ముడూ ఉలితో చెక్కేవాళ్లం. ఆ పెంకులు సున్నపురాయిలా రాలేవి. ఇదంతా మా పడమటి పల్లెల్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అయినా ఇంజనుకు ఆ నీళ్లు పోయకూడదని ఒక్కడికీ తోచలేదు. ట్రాక్టరుకు అవే, డీజిలు ఇంజనుకు అవే, లారీలకు అవే. వాటి రేడియేటర్లలో పచ్చని మందు నీళ్లు, అంటే కూలెంటు, ఉండాలనే మాట మేం వినలేదు. పైగా నీళ్లు కరువైన చోట నీళ్లివ్వడమే మర్యాద. మేం ఏ ఊరు పోయినా, ఏ ఇంటి ముందు ఆగినా, మాకు చెంబు ఇచ్చి, ఆ వెంటనే, "కారుకు కూడా తాపు నాయనా, దూరం నుంచి వచ్చింది" అని ఒక బిందె తెచ్చేవాళ్లు. వద్దంటే బాధపడేవాళ్లు.

కొన్న రెండు నెలలకే ఆ కారు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. కింద ఒక్క చుక్క కారేది కాదు. పొద్దున నింపితే సాయంత్రానికి తగ్గేది. ఒకరోజు నాకు అనుమానం వచ్చి మంచినీళ్ల కుండ ఎత్తుకుని బయటికి వెళ్లబోయాను. అమ్మ పొయ్యి ముందు నుంచి లేచొచ్చి కుండ లాక్కుంది.

"ఏందిరా ఇది? పప్పుకు పెట్టుకున్న నీళ్లు కారుకా?"

"బోరు నీళ్లు పోస్తే లోపల అండా మాదిరి పొర పడ్తాదేమోమ్మా."

వసారాలో ఉన్న నాయన పకపకా నవ్వాడు. "దానికేం, పండ్లు గారపడతాయా? పెండ్లి సంబంధాలు తప్పిపోతాయా? తొట్లో నీళ్లు పొయ్యి!"

ఆ మాట అన్నది నాయన. నాకు చోటు గుర్తుంది, ఆయన భుజం మీది తువాలు రంగు గుర్తుంది. నేను తొట్టిలోని నీళ్లే పోశాను. ఈ ఒక్క సంభాషణ మా బంధువుల కథలో ఎక్కడా ఉండదు.

ఆ తర్వాత నాలుగు నెలలకు నాకు నంద్యాల వైపు ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి రైసు మిల్లుదారు. మా కారు సంగతి వాళ్లదాకా వెళ్లింది, అందుకే రమ్మన్నారని మామే గొప్పగా చెప్పాడు. పెళ్లిచూపులకు నాయన, అమ్మ, మామ, నేను బయలుదేరాం. పెళ్లికొడుకును నేనే, డ్రైవరునూ నేనే. మామ ఎక్కేముందు డిక్కీలో రెండు పెద్ద క్యాన్ల నీళ్లు పెట్టించాడు. ఎప్పుడూ "తోలురా, ఎద్దుబండా ఇది" అని తొందరపెట్టే నాయన ఆ రోజు, "నిదానంగా పోనీ" అన్నాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాటు ఎక్కుతుండగా మామ ముందుకు వంగి ఏసీ ఆపేశాడు.

"ఎందుకు మామా?"

"పెండ్లిచూపులకు పోతా జలుబు చేసుకుంటావా అల్లుడా? పిల్ల ముందర తుమ్ముతావా?"

అందరం నవ్వాం. మూడో మలుపులో ఇంజను వేడి చూపే సూది ఎర్ర గీత దాటింది. ముందు మూత సందుల్లోంచి ఆవిరి లేచింది. నేను పక్కకు తీసి ఆపాను. అమ్మ దిగి కొండవైపు తిరిగి దండం పెట్టింది.

అక్కడ రోడ్డు పక్కన ఒకాయన ఏరిన చింతకాయలు గోనెసంచిలో తొక్కుతున్నాడు. అడవిలోని గూడెం మనిషి. ఆ మలుపులో లారీలు ఆగడం ఆయనకు రోజూ చూసే వినోదం. నేను రేడియేటరు మూతకు చెయ్యి పెట్టబోతే కేకేశాడు.

"ముట్టుకోవద్దు సామీ! మొగం కాల్తాది. ఇది దప్పిక కాదు, జరం. లారీలోళ్లు రెండు బీడీలు తాగి, అన్నం తిని, అప్పుడు పోస్తారు నీళ్లు."

"మాకంత టైం లేదు. పెండ్లిచూపులకు పోతాండాం" అన్నాడు మామ.

"చూపులకేం సామీ, పిల్ల యాడికి పోతాది? పిలగాడెవరు?"

నన్ను చూపించారు. ఆయన మసిబారిన నా చేతులు, చెమటకు తడిసిన నా కొత్త చొక్కా కిందినుంచి పైదాకా చూసి, "అయితే ఇంకో రెండు బీడీలు తాగండి" అన్నాడు.

నేను ఆగుదామనే అన్నాను. గంట సేపు ఆగుదాం, చల్లారనిద్దాం అన్నాను. ఈ మాటను అమ్మ బతికుంటే ఒప్పుకునేది. మామ గడియారం చూశాడు. "పొయ్యి అల్లుడా, ఏం గాదు. నేనెన్ని లార్లు చూడలే." నేను కదల్లేదు. నాయన వైపు చూశాను. ఆయన అడవి వైపు చూస్తూనే, "మామ చెప్తాండాడు గదరా, పొయ్యి" అన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లు చెప్పారు. గుడ్డ చుట్టి మూత తీసి పోశాను. మొదటి క్యాను సగం పోయగానే లోపల ఎక్కడో టక్కున ఒక చప్పుడు. పెద్దది కాదు. వేరుశనక్కాయ ఒలిచినంత. గూడెం మనిషి సంచి భుజాన వేసుకుని అడవిలోకి పోయాడు. కారు మళ్లీ స్టార్టయింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, అన్నం గంజిలా వచ్చింది. ఫర్లాంగు పోయి ఆగిపోయింది. తర్వాత వెదురు బొంగుల లారీ ఒకటి మమ్మల్ని ఎక్కించుకుంది.

మేం ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వాళ్లు మర్యాదస్తులే, మళ్లీ వేడిగా వడ్డించారు. పిల్లను తెచ్చి కూర్చోబెట్టారు. ఆలస్యమెందుకైందని ఆమె తండ్రి నాయనను అడిగాడు. నాయన మీసం తుడుచుకుని, నిదానంగా, అందరికీ వినపడేలా చెప్పాడు: "కారు బంగారం లాంటిది. మావోడికే నీళ్లు చూసుకోవడం రాక చంపేసినాడు." మామ విస్తరి లోంచి తలెత్తకుండా, "కుర్రోళ్లు గదా" అన్నాడు. అమ్మ నా వైపు చూసి కళ్లు దించుకుంది. పిల్ల తండ్రి నవ్వుతూ అన్న మాట ఇది: "కారుకే నీళ్లు పోసుకోలేనోడు సంసారానికేం పోస్తాడప్పా!" అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్విందో లేదో నేను చూడలేదు, చూడలేకపోయాను. ఆ సంబంధం అక్కడే పోయింది. మేం ఊరు చేరకముందే ఆ మాట కొమరోలు చేరింది. ఎలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కారును ట్రాక్టరుతో లాక్కొచ్చాం. నంద్యాల నుంచి వచ్చిన మెకానిక్కు ఒకాయన ఇంజను విప్పి, నూనె చూపించాడు. నీళ్లు కలిసి మజ్జిగలా ఉంది. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచి, "దీనికి ముందే ఒకసారి హెడ్డు, అదే ఇంజను పైభాగం, దించినారు తమ్ముడూ. బోల్టుల మీద పానా దెబ్బలు చూడు. ఇంతకుముందే బాగా కాగిపోయిన బండి ఇది. అందుకే నీళ్లు తాగుతాంది. నీ బోరు నీళ్లు పుండు మీద కారం, అంతే. పుండు పాతది" అన్నాడు. నేను పరుగెత్తుకెళ్లి ఆ మాట చెప్పాను. మామ "మెకానిక్కులంతా అట్లనే చెప్తారు, మనల్ని గుంజేదానికి" అని కొట్టిపారేశాడు. నాయన తువాలు దులిపి భుజాన వేసుకుని చేను వైపు వెళ్లిపోయాడు. ఆ నెలలోనే బోరు మోటర్ల తాళాలు నా దగ్గర తీసుకుని తమ్ముడికి ఇచ్చాడు. మరుసటి ఏడు తమ్ముడికి పెళ్లి చేశాడు. పెద్దవాడు ఉండగా చిన్నవాడికి. నేను మార్కాపురం వచ్చేసి పలకరాళ్ల యార్డులో చేరాను. ఆ కారు వేపచెట్టు కిందే ఏళ్ల తరబడి ఉండిపోయింది. టైర్లు నేలలోకి దిగాయి. అమ్మ అందులో ఎండుమిరప బస్తాలు పెట్టేది. పాత ఇనుము కొనేవాళ్లు వస్తే నాయన ఇవ్వలేదు. మధ్యాహ్నాలు ఆ చచ్చిన కారులోనే, తలుపు మూసుకుని, ఏసీ లేకుండా, చెమటతో కూర్చునేవాడు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ అద్దంలోంచి ఆయన నన్ను చూసేవాడు. దిగి వచ్చేవాడు కాదు. ఆ చూపు కోపమని నేను పాతికేళ్లు అనుకున్నాను.

సంవత్సరీకానికి ఊరికి వెళ్లాం. చందు తన కారు తాళం పక్కన పెట్టి ఫోటో తీయడానికి ఆ పాత కారు తాళంచెవి కావాలన్నాడు. నాయన ట్రంకు పెట్టెలో ఉంటుందని తమ్ముడు చెప్పాడు. పెట్టె తీసింది నేనే. భూమి పాసుపుస్తకాల కింద ఒక నల్లటి తోలు సంచి ఉంది, కారుతో వచ్చే పుస్తకాలది. అందులో ఒక కాగితం. హైదరాబాదులో ఏదో గ్యారేజీ రాసిచ్చిన రిపేరు చీటీ. కారు మా చేతికి రావడానికి ఆరు నెలల ముందుది. ఇంజను కాగిపోయిందని, హెడ్డు దించి గాస్కెట్టు మార్చామని, రేడియేటరు మార్చాలని చెబితే యజమాని వద్దన్నాడని అందులో ఉంది. చీటీ నాలుగు మడతలుగా ఉంది. మా ఇంట్లో కాగితాన్ని అలా నాలుగుగా మడిచి, అంచును గోరుతో నొక్కేది ఒక్క నాయనే. అంటే ఆయన దాన్ని చేత్తో పట్టుకున్నాడు, మడిచాడు, భూమి కాగితాల కింద దాచాడు. ఎప్పుడన్నది చీటీ చెప్పదు.

చందుకు చూపించాను. వాడు చదివి, "పాపం పెదనాయనా" అన్నాడు. పాతికేళ్లలో నాకు దక్కిన మొదటి మంచిమాట అది, దాన్ని కాదనను. "మరి నీ బండికి హెడ్డు దించినారేమో అడిగినావా?" అంటే నవ్వాడు. "ఇప్పుడట్ల కాదు పెదనాయనా, మొత్తం చెక్ చేసి ఫోన్లోనే రిపోర్టు పంపిస్తారు." రిపోర్టు చూపించమన్నాను. వేలితో పైకి తోస్తూ పోయాడు, అది అయిపోదు. చదివావా అంటే లేదన్నాడు. మా రోజుల్లో ఒక్క చీటీ ఉండేది, దాన్ని దాచేవాళ్లు. ఇప్పుడు వంద పేజీలిచ్చి అందులోనే దాస్తున్నారు. మా ఊళ్లో ఇప్పుడు మంచినీళ్ల ప్లాంటు ఉంది, ఇరవై లీటర్ల క్యాన్లు ఇంటి ముందుకే వస్తాయి. కారుకు పచ్చని మందు నీళ్లు గిద్దలూరులో కూడా దొరుకుతాయి. దారి సిమెంటు అయింది. అన్నీ మారాయి. చౌకగా వచ్చిన పెద్ద కారు తలుపు వేలితో తోయగానే మనిషి బుద్ధి బయటే ఉండిపోవడం మాత్రం మారలేదు.

ఆ మరుసటి రోజే గిద్దలూరు వెళ్లాను. రంగయ్య మామకు ఎనభై దాటాయి. వసారాలో కుర్చీలో కూర్చుని టీవీలో వార్తలు చూస్తున్నాడు, శబ్దం తక్కువగానే ఉంది. నేను చీటీ తీయగానే ఆయనకు చెవుడు వచ్చింది.

"మామా, ఈ కాగితం నీకు తెలుసా?"

"కాఫీ తాగినావా అల్లుడా?"

"కాగితం మామా. కారుది. కారు కొన్నప్పుడు నువ్వు నాయనకు ఇచ్చినావా?"

"అద్దాలు యాడ పెట్టినానో."

"నీ కండ్ల మీదే ఉండాయి."

ఆయన అద్దాలు సర్దుకుని, చీటీ తీసుకుని, చాలాసేపు చూశాడు. చదివాడని నాకు తెలుసు, పెదవులు కదిలాయి. తర్వాత మడతల ప్రకారమే మడిచి నా ఒళ్లో పెట్టాడు. "పోయినోడు పోయినాడు. కారూ పోయింది. ఇప్పుడెందుకురా ఇది?" అన్నాడు. టీవీ శబ్దం పెంచాడు. మళ్లీ రెండుసార్లు ఫోను చేశాను. మనవరాలు ఎత్తి, తాత నిద్రపోతున్నాడంది. వెనకాల వార్తలు వినిపిస్తున్నాయి.

మామా, నువ్వు పేపరు చదువుతావు, ఇది కూడా చదువుతావు. నీకు కష్టమైన ప్రశ్న వేయడం లేదు. కారు రోగిష్టిదని నీకు తెలుసు. డిక్కీలో క్యాన్లు పెట్టించినప్పుడే తెలుసు, ఇంజను మీద బరువు తగ్గాలని ఏసీ ఆపినప్పుడే తెలుసు. దాని గురించి నిన్ను అడగను. నాకు కావాల్సింది ఒక్కటే. కొనేటప్పుడే ఈ చీటీ నాయనకు ఇచ్చావా? లేక కారు చచ్చాక, ఎప్పుడో, సిగ్గుపడి ఇచ్చావా? ముందే ఇచ్చి ఉంటే, ఆ రోజు నిండు విస్తరి ముందు, పెళ్లికూతురు ముందు, నాయన తెలిసీ తప్పు నా మీద వేశాడు. తర్వాత ఇచ్చి ఉంటే, ఆయన తెలియక అన్నాడు. తెలిశాక చెప్పలేక ఆ కారులో కూర్చుని నన్ను చూశాడు. ఈ రెంటికీ ఎంత దూరం ఉందో నీకు తెలుసు. నువ్వు మోసం చేశావని నాకు పాతికేళ్లుగా కోపం. ఇప్పుడు అదే నిజం కావాలని కోరుకుంటున్నాను. నేనే మోసం చేశాను, మీ నాయనకు తెలియదు అని ఒక్క మాట అను, నీ కాళ్లకు దండం పెట్టి వస్తాను. అబద్ధం మాత్రం చెప్పకు. ఆదివారం పదకొండు గంటల బస్సుకు వస్తున్నాను. టీవీ ఆపి కూర్చో. నాయనకు ముందే చెప్పావా, మామా, చెప్పలేదా?